మిట్టమధ్యాహ్నపు ఎండక్క

మా వీధిలో మధ్యాహ్నం కుక్కలు కూడా నీడ వదిలి రావు. ఆ వేళకు కెమెరా సంచి భుజాన తగిలించుకుని, మూడుకాళ్ల స్టాండు చంకన పెట్టుకుని స్టూడియో మేడ మెట్లెక్కే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా అక్క. ఫొటోలు తీసేవాళ్లంతా పొద్దుటి మెత్తని వెలుగు కోసమో, సాయంత్రపు పసుపు వెలుగు కోసమో కాచుకుంటారు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడంటే కెమెరాకు మూతపెట్టి భోజనానికి పోతారు. అక్క సరిగ్గా అప్పుడే బయలుదేరేది. అందుకని ఆమెకు ఎండక్క అని పేరు పడింది. పెట్టినవాళ్లు వెక్కిరింతకే పెట్టారు. అక్క మాత్రం ఎవరు పిలిచినా "ఆఁ, చెప్పండి" అని పలికేది. పలికేసరికి వెక్కిరింతలో పస పోయి, ఉత్త పేరు మిగిలింది.

ఆ వెక్కిరింతలో ఇంకో పోటు కూడా ఉంది. ఎండ తగలకూడని మనిషి ఆమె. ఇరవై దాటిన కొత్తలో పెదవి మూలన గోరంత తెల్లమచ్చ లేచింది. అది కనురెప్పల మీదికి, గడ్డం కిందికి, వేళ్ల కణుపుల మీదికి పాకింది. బొల్లి అన్నాడు డాక్టరు. ప్రాణానికేం భయం లేదు, కానీ మచ్చ ఉన్నచోట చర్మానికి కాపలా రంగు ఉండదు కాబట్టి ఎండకు ఇట్టే కాలిపోతుంది, జాగ్రత్త అన్నాడు. అంతమాత్రానికే చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను లోపల పెట్టెయ్యడానికి ఒక కారణం దొరికినట్టు చూసుకున్నారు.

నేను కెమెరాలు, గడియారాలు బాగుచేస్తాను. చదివి నేర్చుకున్నది కాదు, విప్పి నేర్చుకున్నది. నా కొట్టు స్టూడియోకు ఎదురుగానే ఉంటుంది. అక్క పనిని నేను కథలుగా వినలేదు, కళ్లతో చూశాను.

మచ్చలు రాకముందు అక్క స్టూడియో ముందుగదిలో ఉండేది. గాజు కిటికీ పక్కన కౌంటరు, కౌంటరు వెనక ఎత్తు స్టూలు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టడం, గడ్డం పైకెత్తించడం, పాస్‌పోర్టు ఫొటో తీసి పంపడం ఆమె పని. ఖాళీ దొరికితే సన్నని పెన్సిలుతో నెగటివుల మీద మొటిమలు, గాట్లు కప్పేసేది. అందులో ఆమె చేతికి సాటి లేదు. పెన్సిలు పడ్డచోటు ఏదో ఆమే మళ్లీ వెతుక్కోలేకపోయేది.

స్టూడియో ఓనరును అందరం క్రాపు సారు అనేవాళ్లం. గాలి ఎంత వీచినా కదలని క్రాపు ఆయనది. చెడ్డవాడు కాదు. మచ్చలు ముఖం మీదికి వచ్చిన ఏడాది అక్కను పక్కకు పిలిచి, "అమ్మాయ్, ఇకనుంచి డార్క్‌రూమ్ పని చూసుకో. నీకు ఎండా తగలదు, నాకు బేరమూ చెడదు" అన్నాడు. దయా, వ్యాపారమూ ఒకే మాటలో కలిపి చెప్పగల నేర్పు ఆయనది. అక్క లోపలికి వెళ్లింది. ఆమె స్టూలు మీద అప్పటినుంచి సారుగారి గొడుగు కూర్చునేది.

ఏళ్లు గడిచాయి. అక్క పొద్దున వెనక గుమ్మం గుండా డార్క్‌రూమ్‌లోకి వెళ్లి, సాయంత్రం అదే గుమ్మం గుండా బయటికి వచ్చేది. చీకట్లో ఫిల్ము విప్పడం, చుట్టడం, కడగడం, ఆరేయడం అంతా వేళ్లకే వదిలేసేది. ఒకసారి ఇంకేం కావాలే నీకు అని నేనడిగితే, "ఆ గొడుగుని దించాలి" అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ కౌంటరు దాటినప్పుడల్లా ఆ స్టూలు వైపు ఆమె చూసే చూపు నాకు తెలుసు.

పంటల తెగుళ్ల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసు మూతపడినప్పుడు, అక్కడి పాత లెన్సుల పెట్టె ఒకటి నా కొట్టుకు చేరింది. పెట్టె అడుగున రేకు డబ్బాల్లో ఫిల్ము రోల్సు ఉన్నాయి. వాటి మీద ఇన్‌ఫ్రారెడ్ అని రాసి ఉంది. ఎరుపుకు అవతల మన కంటికి ఆనని వెలుగు ఒకటుంది. ఎండలో అది దండిగా ఉంటుంది. ఈ ఫిల్ము దాన్ని చూస్తుంది. ఆకుకు జబ్బు చేస్తే మన కంటికంటే ముందే పట్టేస్తుందని ఆ ఆఫీసువాళ్లు వాడేవాళ్లట. క్రాపు సారుకు చూపిస్తే కాలం చెల్లిన సరుకని కొట్టిపారేశాడు. నేను అక్కకిచ్చాను. వేడి తగిలితే పాడవుతాయని తెలుసుకుని ఆమె వాటిని ఇంట్లో ఫ్రిజ్‌లో పాలపాకెట్ల వెనక దాచింది. అమ్మ రోజూ పాలకోసం చెయ్యిపెట్టి ఒక డబ్బా బయటికి తీసి, తిట్టి, మళ్లీ లోపల పెట్టేది.

మొదటి రోలు నాశనమైంది. మేడ మీద కూర్చుని, మేమందరం వాడే నల్లగుడ్డ సంచిలో చేతులు దూర్చి కెమెరాకు ఎక్కించింది. మామూలు ఫిల్ముకు ఆ సంచి చాలు. కడిగి చూస్తే రోలు ఈ కొసనుంచి ఆ కొసకు బొగ్గులా ఉంది. అక్క సంచిని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పింది. ఏమీ కనపడలేదు.

"నల్లగుడ్డ మనకు చీకటిరా. దీనికి జల్లెడ" అంది.

రెండో రోలు డార్క్‌రూమ్‌లో, తలుపు సందుకు కూడా దుప్పటి కప్పి ఎక్కించింది. అన్నేళ్లు తనను కూర్చోబెట్టిన చీకటి మొదటిసారి ఆమె సొంత పనికి ఉపయోగపడింది.

ఆ ఫిల్ముతో ఫొటో తీయడం సగం గుడ్డి పని. లెన్సు ముందు దాదాపు నల్లగా ఉండే ముదురెర్ర గాజు బిగించాలి. అది బిగించాక కెమెరాలోంచి చూస్తే ఏమీ కనపడదు. అందుకని ముందే స్టాండు మీద కెమెరా నిలబెట్టి, గురి చూసుకుని, ఆ తర్వాత గాజు బిగించేది. గురి కూడా మామూలు చోట కుదరదు. లెన్సు మీద చిన్న ఎర్రచుక్క ఒకటుంటుంది. దూరం సరిచేసుకున్నాక రింగు మీద వచ్చిన అంకెను ఆ చుక్క దాకా జరపాలి. జరపకపోతే బొమ్మ మెత్తబడిపోతుంది. ఇవన్నీ అక్క రోల్సు పాడుచేసుకుని నేర్చుకుంది.

అన్నిటికంటే కష్టమైంది వేళ తెలుసుకోవడం. మేడ మీంచి కనపడే పార్కు చెట్లను పొద్దున తీసింది, మధ్యాహ్నం తీసింది, సాయంత్రం తీసింది, మబ్బుపట్టిన రోజు తీసింది. పొద్దుటి ఫొటోల్లో సూర్యుడు పక్కనుంచి కొట్టడం వల్ల చెట్టు సగం తెల్లగా, సగం తారుపూసినట్టు వచ్చింది. మబ్బురోజు అంతా బూడిద. మధ్యాహ్నం మాత్రం ఆకులన్నీ తెల్లపూలు విరబూసినట్టు, ఆకాశం సిరా ఒలికినట్టు వచ్చాయి. వెలుగు కొలిచే మీటరుతో ఇంకో తంటా. అది మనం చూసే వెలుగునే కొలుస్తుంది, ఈ కనపడని వెలుగు దాని లెక్కలో లేదు. సూర్యుడు కిందికి దిగినకొద్దీ మామూలు వెలుగు తగ్గినంతగా ఇది తగ్గదు. దాంతో మీటరు చెప్పింది నమ్మి తీస్తే వెలుగెక్కువై ఫిల్ము మాడిపోతుంది.

"పొద్దున ఒక అబద్ధం చెప్తుంది, సాయంత్రం ఇంకో అబద్ధం చెప్తుంది. మధ్యాహ్నమైతే రోజూ ఒకే అబద్ధం చెప్తుంది. రోజూ ఒకే అబద్ధం చెప్పేవాడితో పని చేసుకోవచ్చురా" అంది అక్క.

అలా ఆమె మధ్యాహ్నానికి అలవాటుపడింది. భోజనానికని మూసిన వేళలో మేడెక్కేది. కిందికి దిగేసరికి మచ్చలున్నచోటల్లా కందిపోయి ఎర్రగా ఉండేది. సాయంత్రం వాటికి మందు రాసుకుంటుంటే అమ్మ ఊరుకునేది కాదు.

"డాక్టరేం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావు? చీకట్లో హాయిగా ఉండక ఈ మాడటం దేనికే?"

"ఇన్నేళ్లు చీకట్లోనే ఉన్నాను కదమ్మా. ఒక్క మచ్చయినా తగ్గిందా?"

అమ్మ ఆ రాత్రి పాతబట్టల మూట విప్పి కూర్చుంది. రెండురోజుల తర్వాత మా నాన్నగారి పాత ప్యాంటు గుడ్డతో వెడల్పాటి అంచున్న టోపీ ఒకటి కుట్టి, ఎవరికి కుట్టిందో చెప్పకుండా తలుపు వెనక మేకుకు తగిలించింది. అక్క కూడా ఏమీ అడక్కుండా పెట్టుకుపోయింది. చేతులకు పొడుగు చొక్కా, మెడకు గుడ్డ. ఎండతో ఆమెది పోట్లాట కాదు. తన షరతుల మీద దానితో పని చేయించుకోవడం.

చెట్లయ్యాక మనిషిని తీసి చూడాలనుకుంది. ఆ ఎండలో ఆమె కోసం నిలబడేవాళ్లు ఎవరూ లేరు. నన్నడిగితే నాకు సరిగ్గా అప్పుడే కొట్లో పని గుర్తొచ్చింది. చివరికి టోపీ తీసి, తనే గోడకు ఆనుకుని నిలబడి, కెమెరాలోని టైమరుతో తన ఫొటో తానే తీసుకుంది. మర్నాడు దాన్ని తెచ్చి నా బల్ల మీద, విప్పిన గడియారం పక్కన పెట్టింది.

ఆ ఫొటోలో అక్కకు ఒక్క మచ్చ లేదు. ముఖమంతా గోరువెచ్చటి పాల మీద మీగడలా ఒకటే రంగు. చర్మం పైపొరలో ఉన్న రంగును ఆ వెలుగు పట్టించుకోదు, దాటిపోయి లోపలినుంచి తిరిగొస్తుంది. నలుపూ తెలుపూ, మచ్చా మామూలూ దానికి ఒకటే. నేను ఫొటోనూ అక్కనూ మార్చి మార్చి చూశాను.

"అలా చూస్తావేంట్రా? గురి కుదిరిందా లేదా, అది చెప్పు" అంది.

గురి కుదిరింది. అమ్మకు చూపిస్తే ఫొటోను గుండెకు హత్తుకుంది. కొంగుతో తుడిచింది. "ఇదే నా కూతురు" అంది.

అక్క చెయ్యి కడుక్కుంటూ ఆగింది. "మరి రోజూ నీకు అన్నం వడ్డించేదెవరమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "నా కళ్లు చూశావా అందులో? బొగ్గు గుంటల్లా ఉన్నాయి. మచ్చలతో పాటు కళ్లు కూడా పోయాయి" అంది అక్క. అమ్మ వినిపించుకోలేదు. ఫొటోకు ఫ్రేము కట్టించి మా ఇంటి ముందుగదిలో పెట్టింది.

క్రాపు సారుకు ఆ ఫొటో ఎలా తెలిసిందో నాకు తెలియదు. మా అమ్మ పుణ్యమే అయ్యుంటుంది. ఆయన నెగటివు అడిగి తీసుకుని, నిలువెత్తున పెద్దది చేయించి గాజు కిటికీలో పెట్టాడు. కింద ‘మచ్చల్లేని ఫొటోలు తీయబడును’ అని బోర్డు. జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. లోపలికి వచ్చి ఎవరీ అమ్మాయి అని అడిగితే, పై ఊరినుంచి పిలిపించాం అని చెప్పేవాడు. నా కొట్లోకే వినిపించేది. ఆ పై ఊరి అమ్మాయి నాలుగడుగుల అవతల, తలుపు వెనక, చేతులు మందు నీళ్లలో పెట్టుకుని ఉండేది.

ఫొటోలు తనే తీస్తానన్నాడు సారు. అక్క లోపల కడిగితే చాలట. మధ్యాహ్నం తియ్యాలని అక్క చెప్పింది. ఎండలో నిలబెడితే ఒక్కడు కూడా రాడు, పొద్దున చల్లగా తీస్తాను, ఇన్నేళ్లనుంచీ నేను చేస్తున్నది ఇదే కదా అన్నాడు. తీశాడు. ఒక్కో రోలుదీ ఒక్కో గతి. కొన్ని మాడిపోయాయి, కొన్ని బూడిద, అన్నీ మసక. డబ్బిచ్చినవాళ్లు వచ్చి కౌంటరు ముందు నిలబడి, ఇది మా ఇంట్లో దయ్యం ఫొటోనా అని అడిగారు.

సారు కెమెరా పట్టుకుని నా కొట్టుకు వచ్చాడు. లెన్సు చెడిపోయింది, చూడమన్నాడు. నేను విప్పాను. అద్దాలు కడిగిన గ్లాసుల్లా ఉన్నాయి, రింగులు వెన్నలా తిరుగుతున్నాయి. ఏ లోపమూ లేదు. కానీ బయట ఎర్రచుక్క ఉండాల్సిన చోట నున్నటి లోహం తప్ప ఏమీ లేదు.

"ఇక్కడో చుక్క ఉండాలి కదండీ?"

"అదా, ఎవరో గోళ్లరంగు అంటించారయ్యా. స్పిరిటు పెట్టి మొత్తం శుభ్రం చేశాను" అన్నాడు సంతోషంగా.

నేను నవ్వాపుకుని, లెన్సు బాగానే ఉంది సార్, మా అక్కనడగండి అని పంపించాను. ఆయన అటు తిరిగాక వచ్చిన నవ్వు పూర్తికాకముందే లేచి వెనకే వెళ్లాను. ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో చూడాలనిపించింది.

సారు డార్క్‌రూమ్ తలుపు తట్టాడు. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, రేపట్నుంచి మేడ మీద నువ్వే తీయి. నీకు తోచిన వేళకే తీయి. కౌంటరు నేను చూసుకుంటాను."

"కౌంటర్లో కూడా నేనే ఉంటాను సార్."

"అది కాదమ్మా, జనం..."

"జనం నన్ను చూసే కదా సార్ లోపలికొస్తున్నారు. మీరే వాళ్లకి పై ఊరని చెప్తున్నారు."

సారు క్రాపు సవరించుకున్నాడు. అది కదలలేదు, ఆయన కదిలాడు. అక్క అప్పుడు తలుపు వెనకనుంచి ఇంకో పెద్ద ఫొటో తెచ్చి బల్లకు ఆనించింది. ఆమె ముందే తయారుగా ఉందని నాకప్పుడు తెలిసింది. అదే గోడ, అదే చొక్కా, అదే మధ్యాహ్నం. మామూలు ఫిల్ము. ఎర్రగాజు లేదు. పెదవి మూలన, కనురెప్పల మీద, గడ్డం కింద మచ్చలు ఎండకు మెరుస్తున్నాయి. కళ్లు చిట్లించి సూటిగా చూస్తోంది.

"ఇది దాని పక్కన ఉంటుంది. లేకపోతే రెండూ ఉండవు. రోల్సు నావి, మా తమ్ముడిచ్చాడు. అవీ ఉండవు, నేనూ ఉండను."

సారు ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. పనివాడు కాబట్టి పని బాగుందని ఆయనకూ తెలిసింది. గొంతు తగ్గించి బతిమాలాడు. "పోనీ కొంచెం పెన్సిలు పెట్టరాదూ? నీ చేతికి అదెంత పని?"

"నా చేతికి తెలిసిన పనే సార్. అందుకే పెట్టను."

ఇంకెవరైనా అయితే అక్కడ ఒక ఉపన్యాసం ఇచ్చేవారు. అక్క మేకులూ సుత్తీ తీసుకుని ముందుగదిలోకి నడిచింది. తనే కిటికీ అద్దం జరిపి, తనే కొలుచుకుని, రెండు ఫొటోలూ ఒకే ఎత్తులో వేలాడదీసింది. అట్టబోర్డును ‘మచ్చల్లేని’ అన్న మాట వరకు నిలువుగా కత్తిరించి పారేసి, ‘ఫొటోలు తీయబడును’ అన్నంతవరకు మిగిల్చింది. తర్వాత స్టూలు దగ్గరికి వెళ్లి, గొడుగు తీసి సారు చేతికిచ్చింది. ఆయన తీసుకున్నాడు. చేతిలో ఏదైనా పెడితే మనిషి తీసుకుంటాడు కదా, అలా తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పట్టుకునే ఇంటికి వెళ్లాడు.

లెన్సు మీద చుక్క మళ్లీ పెట్టడానికి అక్కకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. పార్కు గేటు కమ్మీలకు గురిపెట్టి, దూరం కొంచెం కొంచెం జరుపుతూ తీసి, ఏది పదునుగా వచ్చిందో కడిగి చూసుకుంది. పదునైన చోట నిజంగానే గోళ్లరంగుతో చుక్క పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోళ్లరంగు కొన్నావు, అదీ కెమెరాకా అంది అమ్మ.

ఆ సాయంత్రమే అమ్మ నాతో పాటు స్టూడియో దాకా వచ్చింది. కిటికీ ముందు నిలబడి కుడి ఫొటో చూసింది, ఎడమ ఫొటో చూసింది. వీధిలో వాళ్లు చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి చూసింది.

"కళ్లు దీన్లో బాగున్నాయిరా" అంది, మచ్చలున్న ఫొటో చూపించి.

మర్నాడు పొద్దున అక్క ముందు గుమ్మం గుండా లోపలికి వెళ్లింది. నేను షట్టరు సగం ఎత్తి, పని ఉన్నట్టు అక్కడే నిలబడ్డాను. మొదట వచ్చింది మూల మీది టైలరమ్మ. మనిషి భారీ, మాట ఇంకా భారీ. కిటికీ ముందు ఆగింది. ఫొటోల్ని చూసి, గాజులోంచి స్టూలు మీద ఉన్న అక్కను చూసి, మళ్లీ ఫొటోల్ని చూసింది. లోపలికి నడిచింది.

"రెండూ నువ్వేనా?"

"రెండూ నేనే. అది ఆ ఫిల్ము చూసేది, ఇది మీరు చూసేది. ఏది కావాలి?"

"ఎండలో నిలబడి తియ్యాలటగా?"

"ఏదైనా మేడ మీదే. మధ్యాహ్నం పన్నెండుకి."

"అయితే నాకేదీ వద్దు తల్లీ. పాస్‌పోర్టు ఫొటో ఒకటి తీసిపెట్టు, తొందరగా. అవతల జాకెట్లు పడున్నాయి."

అక్క స్టూలు దిగింది. ఆమెను తెర ముందు కూర్చోబెట్టింది. మచ్చలున్న వేళ్లతో గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తింది. టైలరమ్మ గడ్డం ఎత్తింది. ఎడమ భుజం దించమంటే దించింది. రెప్ప వెయ్యకండి అంటే, వెయ్యనులే కానియ్యి అంది. దీపం వెలిగి ఆరింది. అంతే. అన్నేళ్ల తర్వాత ముందుగదిలో అక్క తీసిన మొదటి ఫొటో అది. చూడటానికి అందులో ఏమీ లేదు, ఒక పాస్‌పోర్టు ఫొటో.

ఆ ఫిల్ము రోల్సు అయిపోయి చాలా కాలమైంది. అలాంటివి మళ్లీ దొరకలేదు. స్టూలు మాత్రం ఖాళీగా లేదు. సారుకు ఓపిక తగ్గాక స్టూడియో తాళాలు కూడా అక్క చేతికే వచ్చాయి. ఆయన గొడుగుకు గోడ మీద మేకు కొట్టించింది.

ఆ రోజు టైలరమ్మ వెళ్లాక కూడా జనం వచ్చారు. కొందరు కిటికీ చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. అక్క వాళ్ల వీపుల వంక కూడా చూసింది, తల మాత్రం దించలేదు. నీడలు కాళ్ల కిందికి చేరే వేళకు సారు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, భోజనానికి మూసేద్దామా అని అడిగాడు.

"మీరు కానివ్వండి సార్" అని అక్క కౌంటరు వెనక తగిలించుకున్న టోపీ అందుకుంది. స్టాండు చంకన పెట్టుకుని, కౌంటరు పక్కనుంచి, వీధి చూస్తుండగానే మేడెక్కింది.